చెంబుకి సంచి, చేతికి సెలవు

ఒకప్పుడు పల్లెల్లో చీకటితో లేచి చెంబు పట్టుకుని వెళ్లే మనిషిని ఎక్కడికని ఎవరూ అడిగేవారు కాదు. అందరికీ తెలిసిన పనే. ఇప్పుడు అమెరికాలో పొద్దస్తమానం చెంబు పట్టుకునే తిరుగుతున్నారు. అడిగితే మాత్రం పెద్ద మాటే చెబుతారు: హైడ్రేషన్. ఆఫీసుకీ చెంబే, జిమ్ముకీ చెంబే, పిల్లల ఫుట్‌బాల్ ఆటకీ చెంబే. డాలస్ శివార్లలో సత్యనారాయణ వ్రతానికి వచ్చిన మనవాళ్ల పక్కన కూడా తలకొకటి ఉంటుంది, కలశానికి పోటీగా.

దాని అసలు పేరు స్టాన్లీ క్వెంచర్. చెంబు అంటే కంపెనీవాళ్లు నొచ్చుకుంటారేమో, టంబ్లర్ అనాలి. నలభై ఔన్సులది, అంటే లీటరుకు పైన ఇంకో 180 మిల్లీలీటర్లు పడుతుంది. రెండు పొరల స్టీలు, పైన మూత, మూతలోంచి పొడుచుకొచ్చిన స్ట్రా, పక్కన పిడికిలి పట్టేంత పిడి. అడుగు మాత్రం సన్నం, కారులో కప్పులు పెట్టుకునే గుంటలో దిగాలి కదా. ఖాళీదే ఆరు వందల గ్రాములు దాటుతుంది. నిండుగా నింపి ఎత్తితే పావు తక్కువ రెండు కిలోల పైమాటే.

1913లో ఈ సీసాలకు శ్రీకారం చుట్టిన విలియం స్టాన్లీ ఆషామాషీ మనిషి కాదు. అంతకుముందే, 1886లో, మాసచుసెట్స్‌లోని గ్రేట్ బారింగ్టన్ ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టి ఏసీ కరెంటుతో దీపాలు వెలిగించి చూపించిన ఇంజనీరు. అప్పటి ఫ్లాస్కుల్లో లోపలి పొర గాజుది, కిందపడితే భళ్లుమనేది. ఆయన దాన్ని కూడా స్టీలుతోనే చేసేశాడు. తర్వాత వందేళ్లూ ఆ సీసా కూలీల దగ్గర, లారీ డ్రైవర్ల దగ్గర సొట్టలు పడుతూ బతికింది. దానికి హోదా లేదు, పట్టీ లేదు, రంగుకో ధర లేదు.

2016లో క్వెంచర్ వచ్చినప్పుడు కూడా ఎవరూ ఎగబడలేదు. 2019 నాటికి కంపెనీయే దాని మీద ఆశ వదులుకుంటోంది. ఏం కొనాలో ఆడవాళ్లకు సలహాలు చెప్పే ముగ్గురు మహిళలు పట్టుబట్టి, ఐదు వేల కప్పులు తామే కొని, అమ్మి చూపించారు. 2020లో టెరెన్స్ రైలీ అనే పెద్దమనిషి క్రాక్స్ నుంచి అధ్యక్షుడిగా వచ్చాడు. క్రాక్స్ అంటే చిల్లుల చెప్పులు అమ్మి, ఆ చిల్లుల్లో గుచ్చుకునే బొమ్మలు విడిగా అమ్మే సంస్థ. ఒక వస్తువులో చిల్లు ఉంటే అందులోంచి ఇంకో వస్తువు అమ్మొచ్చన్న విద్య అక్కడ బాగానే వంటబట్టి ఉంటుంది. 2019లో ఏడు కోట్ల డాలర్ల పైచిలుకు ఉన్న అమ్మకాలు 2023కి 75 కోట్లయ్యాయని వార్తలొచ్చాయి.

ఈ కప్పులో చిల్లు లేదు గానీ పిడి ఉంది. పిడి ఉన్నది చెయ్యి వెయ్యడానికి. చెయ్యి దానికే పోతే మరి ఫోను ఎవరు పట్టుకోవాలి?

ఈ ధర్మసందేహం నుంచి పుట్టిందే హ్యాండ్స్ ఫ్రీ వ్యాపారం. కప్పు దిగేలా ఒక గుడ్డ తొడుగు, దానికి భుజాన అడ్డంగా వేసుకునే పట్టీ, పట్టీ బిగించడానికి బక్కిలు. తొడుక్కి ముందు ఒక జేబు, ఫోనుకట. వెనక ఒక జేబు, తాళాలకట. ఇది కాక, కప్పు అడుక్కి సిలికాన్ బూటు తొడుగుతారు, బల్ల మీద చప్పుడు కాకుండా. స్ట్రా కొసకి పువ్వు బొమ్మ టోపీ పెడతారు, దుమ్ము పడకుండా. మూత చుట్టూ పళ్లెంలా ఒకటి అమరుస్తారు, అందులో చిప్స్ పోసుకోవచ్చు. అన్నిటికంటే ముచ్చటైనది కప్పు నడుముకి చుట్టే జిప్పుల సంచి. మనిషికి సంచి ఉండటం లోకంలో చూశాం. ఇక్కడ చెంబుకి సంచి, ఆ సంచీతో సహా చెంబుని మోయడానికి మనిషికి ఇంకో సంచి.

తాగేటప్పుడు చూడాలి ఆ సంబడం. తొడుగు తుంటి దగ్గర వేలాడుతుంటుంది, స్ట్రా మోచేతి ఎత్తులో ఉంటుంది, నోరు మాత్రం యథాస్థానంలోనే ఉంది. స్ట్రాని నోటి దాకా తేవాలంటే కప్పుని బయటికి లాగాలి. కప్పు తొడుగులో బిగువుగా కూర్చుంది కాబట్టి ఒక చేత్తో తొడుగు అడుగు పట్టుకుని రెండో చేత్తో పిడి గుంజాలి. అంటే మామూలుగా ఒక్క చెయ్యి చాలిన పనికి ఇప్పుడు రెండు. తాగకుండా మోసినంతసేపూ హ్యాండ్స్ ఫ్రీయే, అందులో అబద్ధమేమీ లేదు.

పైగా మొదట జనం ఎగబడిన మోడల్ మూత కారకుండా బిగిసేది కాదు. స్ట్రా దిగే చోట సందు ఉంటుంది, వంగితే కారుతుంది. నిటారుగా బల్ల మీదో కారు గుంటలోనో కూర్చోవడానికి చేసిన పాత్ర అది, అక్కడ దానికి వంక పెట్టేదేమీ లేదు. దాన్ని తీసుకెళ్లి, నడిచే మనిషి తుంటికి తగిలించి ఊపితే నీళ్లు ఏం చెయ్యాలి పాపం? ఒలకని మూతతో వేరే మోడళ్లు కంపెనీయే తర్వాత తెచ్చింది. ఈలోగా ఎన్ని ప్యాంట్లకు హైడ్రేషన్ అందిందో లెక్క తీసినవాళ్లు లేరు.

నిజంగా రెండు చేతులూ ఖాళీగా ఉండి తీరాల్సిన మనిషి తాటిచెట్టు మీద ఉంటాడు. గీత కార్మికుడు మోకు, ముత్తాదు వేసుకుని, నడుముకి కత్తులూ వెనక లొట్టీ తగిలించుకుని ఎక్కుతాడు. పైన గెల చెక్కాలి, కట్టిన కుండలోంచి కల్లు లొట్టిలోకి వంపుకోవాలి, కుండ మళ్లీ కట్టాలి, నిండిన లొట్టితో కిందికి దిగాలి. ఆ సరంజామాలో ఒక్క ముడి కూడా అలంకారానికి లేదు. చెయ్యి జారితే ప్రాణం మీదికొస్తుంది. వచ్చింది కూడా, చాలా ఇళ్లల్లో. అందుకే 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో కాటమయ్య రక్షా కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. పట్టు తప్పినా మనిషి కిందపడకుండా చెట్టుకే ఆపే తాళ్ల ఏర్పాటు అది. చేతుల గురించి ఆలోచించి చేసే డిజైన్ అంటే అలా ఉంటుంది.

అదే ఏడాది జనవరిలో అమెరికాలో టార్గెట్ దుకాణాల ముందు తెల్లవారకముందే జనం బారులు తీరారు. గులాబి రంగు కప్పు, స్టార్‌బక్స్‌తో కలిసి చేసింది, తలుపు తీయగానే తోపులాట. అదే నెలలో కాలిఫోర్నియాలోని రోజ్‌విల్ పోలీసులు ఒకావిడను పట్టుకున్నారు. షాపింగ్ బండి నిండా కప్పులు పెట్టుకుని డబ్బు కట్టకుండా వెళ్లిపోయిందని అభియోగం. కారులో దొరికినవి 65, విలువ రెండున్నర వేల డాలర్ల దాకా. ఈ భూమ్మీద స్టాన్లీ కప్పులు మోసే పట్టీ అవసరం ఎవరికైనా నిజంగా పడిందంటే ఆవిడకే.

చేతులు ఖాళీగా ఉంచుకుని నీళ్లు మోసే చిక్కుముడిని మన గొర్రెల కాపరి ఎప్పుడో విప్పేశాడు. ముదిరి ఎండిన సొరకాయ తెచ్చి, మెడ దగ్గర కోసి, లోపల నీళ్లు పోసి నానబెట్టి, గుజ్జూ గింజలూ గీకి పారేసి, ఆరబెట్టేవాడు. సొరకాయకు నడుము సన్నగా ఉంటుంది, అక్కడ తాడు బిగిస్తే జారదు. భుజాన వేసుకుంటే సొరబుర్ర బరువే తెలియదు, మోసేది నీళ్లనే. ఒక చేతిలో కర్ర, రెండో చేతిలో ఏ కుంటి గొర్రెపిల్లో. బస్తర్ ఆదివాసులు తుంబా అని పిలిచేదీ ఇదే. దీనికి ప్రచారకర్తలు లేరు, ఆకుపచ్చది కావాలంటే పచ్చిది కోసుకోవాలి.

అమెరికావాళ్లకు ఈ తెలివి లేదని కాదు. 1989లో టెక్సస్‌లోని విచిటా ఫాల్స్‌లో వంద మైళ్ల సైకిల్ పందెం, మండుటెండ. మైఖేల్ ఐడ్సన్ అనే అంబులెన్సు ఉద్యోగి సెలైన్ సంచిలో నీళ్లు నింపి, దాన్ని పొడుగాటి మేజోడులో దూర్చి, చొక్కా వీపుకి కుట్టేసుకున్నాడు. గొట్టం భుజం మీదుగా నోటి దగ్గరికి తెచ్చి, బట్టల క్లిప్పుతో బిగించాడు. హ్యాండిల్ వదలకుండా నీళ్లు తాగాడు. కేమెల్‌బ్యాక్ అలా పుట్టింది, తర్వాత సైనికుల వీపు మీదికీ ఎక్కింది. మేజోడు అందంగా లేదు, కానీ తాగేటప్పుడు కూడా చేతులు ఖాళీ.

మరి రెండు కిలోల చెంబు ఎందుకు మొయ్యాలి? రోజుకు ఎనిమిది గ్లాసులు తాగకపోతే ఎండిపోతామట. ఈ ఎనిమిది గ్లాసుల లెక్క ఎక్కడిదని తవ్విచూసిన హైన్జ్ వాల్టిన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త, ఆరోగ్యంగా ఉండి సమశీతోష్ణంలో పెద్ద శ్రమ లేకుండా గడిపేవాళ్లకు దానికి శాస్త్రీయ ఆధారం దొరకలేదని 2002లో రాశాడు. 1945లో అమెరికా ఆహార మండలి రోజుకు రెండున్నర లీటర్లన్న మాట నిజమే. అయితే అందులో ఎక్కువ భాగం తినే తిండిలోనే ఉంటుందని ఆ పక్కనే ఉంది. జనం మొదటి వాక్యం చదివి చెంబు కొనడానికి లేచారు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం పడిపోయి ఉంది. ముఖ్య కారణం దాహానికి మించి తాగడం. ఎండలో మట్టి తవ్వే ఉపాధి హామీ కూలీకి నీళ్లు ఎక్కువే కావాలి, అందులో వాదన లేదు. ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకు దాహం అనే పాత పరికరం ఇంకా పనిచేస్తూనే ఉంది.

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఇప్పుడు ఈ కప్పుల నకళ్లు బల్లబల్లకీ కనిపిస్తాయి. నీళ్ల మెషిన్ కూర్చున్న చోటికి ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులకీ భుజాన పట్టీ. ఎనభైల్లో ఎల్.కె.జి. పిల్లల మెడలో ప్లాస్టిక్ వాటర్ బాటిల్ ఇలాగే వేలాడేది, అమ్మ వేసేది. నాలుగో క్లాసుకి రాగానే పిల్లవాడు సిగ్గుపడి పట్టీ పీకేసేవాడు. ఇప్పుడు ముప్ఫై ఏళ్ల టీమ్ లీడు డబ్బులిచ్చి మళ్లీ తగిలించుకుంటున్నాడు, ఖాళీ అయిన చేత్తో రీలు జరుపుతున్నాడు.

న్యాయంగా చెప్పాలంటే కప్పు గట్టిదే. 2023 నవంబరులో ఒకావిడ కారు తగలబడి బొగ్గయితే గుంటలో ఉన్న కప్పు నిలబడింది, లోపల మంచు కూడా మిగిలింది. వీడియో లోకమంతా తిరిగింది, కంపెనీ ఆవిడకు కొత్త కారు కొనిచ్చింది. ప్రకటనకు అంతకంటే చవక బేరం ఉండదు. ఏడాది తిరిగేసరికి, 2024 డిసెంబరులో, అదే కంపెనీ అమెరికాలో 26 లక్షల కాఫీ మగ్గులు వెనక్కి పిలిచింది. వేడికి మూత మరలు కుంచించుకుని మూత ఊడి వస్తోందని, ప్రపంచం మొత్తమ్మీద 38 మందికి కాలిందని ఫిర్యాదులు. ఒంటి చేత్తో తెరిచి తాగే సౌకర్యం కోసం చేసిన మగ్గులవి.

కొనేవాళ్లను కొనొద్దని చెబితే వినరు, చెప్పడం కూడా దండగ. కాకపోతే దుకాణంలో ఒక చిన్న పరీక్ష అడగొచ్చు. కప్పుని మెడ దాకా నీళ్లతో నింపి, తొడుగులో పెట్టి, పట్టీ అడ్డంగా వేసి, అమ్మే కుర్రాణ్నే ఒకసారి బూటు లేసు కట్టుకోమనాలి. బండమీద నీళ్లు తుడిచే పని ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి.