అలిసిపోయేదాకా పరుగెత్తించకండి

వీధిలోంచో షెల్టర్‌లోంచో ఒక కుర్ర కుక్కను తెచ్చుకుని, మంచి ఇల్లు దొరికేదాకా సాకుదాం అనుకునేవాళ్ళు సలహా అడిగితే నేను చెప్పేవి చాలామందికి మింగుడుపడవు. స్నానం చేయించొద్దంటాను. మొదటి రోజునుంచే ఒంటరిగా వదిలి వెళ్ళమంటాను. ఫామ్‌హౌస్ ఉన్నవాళ్ళకు ఇచ్చేముందు పదిసార్లు ఆలోచించమంటాను. కుక్కలంటే ఇష్టం ఉన్న మనిషి చెప్పే మాటలేనా ఇవి అని మొహం మీదే అడిగినవాళ్ళున్నారు. ఇష్టం ఉండబట్టే చెబుతున్నాను. ఫోస్టర్ ఇళ్ళలో నేను చూసిన ఇబ్బందులు చాలావరకు ప్రేమకొద్దీ తొందరపడి తెచ్చుకున్నవే.

కుక్కపిల్లగా ఉన్నన్నాళ్ళూ అందరూ ఎత్తుకుని ముద్దాడతారు. ఆరేడు నెలలు వచ్చేసరికి కాళ్ళు సాగుతాయి, సోఫా మూలలు కొరుకుతుంది, ఇంటికొచ్చినవాళ్ళ మీద కాళ్ళేసి ఎగబడుతుంది. అప్పుడే కొందరు తీసుకెళ్ళి ఎక్కడో వదిలేసి వస్తారు. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. అయినా మెడలో పాత బెల్టుతో, ఏ గేటు తెరుచుకున్నా లోపలికి తొంగి చూసే కుక్కలు మన కాలనీల్లో కనిపిస్తూనే ఉంటాయి. ఫోస్టర్లకు వచ్చేవాటిలో ఈ వయసువే ఎక్కువ.

కుక్క ఇంటికి రాకముందే సూది మీరు వేయించుకోండి. కుక్కకు టీకా వేయించాలని అందరికీ తెలుసు. సాకేవాళ్ళకు కూడా రేబిస్ టీకా ముందుగానే ఉండాలని ఎవరూ చెప్పరు. ఎన్ని డోసులో డాక్టరు చెబుతారు. ఆటలో పన్ను గీరుకున్నా సరే, గాయాన్ని ధారగా పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, తర్వాత ఆస్పత్రికి వెళ్ళాలి. ముందు టీకా వేయించుకున్నాం కదా అని ఇంట్లో కూర్చోకూడదు. హైదరాబాద్‌లో అయితే నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి, నారాయణగూడ ఐపీఎం ఈ పనికే అందరికీ తెలిసిన చోట్లు. పసుపు, కారం, సున్నం లాంటివి గాయం మీద అద్దకండి.

దాన్ని తెచ్చిన రోజున పశువుల డాక్టరుకు చూపించడం ఒక్కటే పని. పిడుదులు ఉన్నాయా, చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయా, జ్వరం ఉందా చూపించుకోండి. మన దగ్గర పిడుదుల వల్ల వచ్చే జ్వరం చాలా కుక్కల ప్రాణం తీస్తోంది. అక్కణ్ణుంచి ఇంటికొచ్చాక ఇంకేమీ చేయకండి. స్నానం వద్దు, ఫొటోలు వద్దు, పక్కింటి పిల్లల్ని పిలిచి చూపించడం వద్దు. వాసన వస్తుంటే తడిగుడ్డతో తుడవండి. ముక్కూ మొహం తెలియని మనుషులు పట్టుకుని నీళ్ళు కుమ్మరిస్తే దానికి మీ చేతులంటేనే భయం పట్టుకుంటుంది, ఆ భయం పోగొట్టడానికి వారాలు పడుతుంది.

ఒక గది ఇవ్వండి. నీళ్ళ గిన్నె, పాత దుప్పటి చాలు. చాలా కుక్కలు తిన్నగా మంచం కిందికి దూరతాయి. బయటికి లాగకండి. మీరు నేల మీద, దానికి వీపు పెట్టి కూర్చుని పేపరు చదువుకోండి. కాసేపటికి మంచం అంచు కింద నల్లటి ముక్కు ఒక్కటి బయటికొస్తుంది. వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తే చటుక్కున లోపలికి పోతుంది. ఆవిరి చప్పుడు ఆగాక మళ్ళీ వస్తుంది, ఈసారి కాస్త ముందుకి. అప్పుడు ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టిన చికెన్ ముక్క ఒకటి, దానివైపు చూడకుండా, పక్కకి జారవిడవండి. ఆ పూటకి అంతకంటే చేయాల్సింది లేదు.

ఇక అందరూ నాతో గట్టిగా వాదించే విషయానికి వస్తాను. ఉడుకురక్తం కుక్కను అలిసిపోయేదాకా పరుగెత్తించకండి. పొద్దున స్కూటర్ వెనక పరుగు, సాయంత్రం బంతి, రాత్రి మేడమీద ఇంకో విడత. అలిస్తే పడుకుంటుందని ఎవరో చెబుతారు, నిజమేననిపిస్తుంది. రెండు మూడు రోజులు పడుకుంటుంది కూడా. ఆ తర్వాత దానికి దమ్ము పెరుగుతుంది. పోయిన వారం అరగంటకు పడుకున్నది ఈ వారం గంట పరుగెత్తినా ఒగరుస్తూ గదంతా తిరుగుతుంది. మీరు తయారుచేస్తున్నది ఒక పరుగుపందెపు కుక్కను. దాన్ని రేపు తీసుకెళ్ళే ఇంట్లో ఆఫీసుకెళ్ళే ఇద్దరు మనుషులుంటారు. వాళ్ళకు రోజూ రెండు గంటల పరుగు కుదరదు. ఎముకలు ఇంకా ముదరని వయసులో తారురోడ్డు మీద పరుగు కీళ్ళకూ మంచిది కాదు.

పైగా ఎదిగే కుక్క రోజులో సగానికి మించి నిద్రపోవాల్సిన ప్రాణి. ఆ నిద్ర చాలనప్పుడే అది పిచ్చెత్తినట్టు చేస్తుంది. రాత్రి ఎనిమిది తొమ్మిది మధ్య తోక కింద పెట్టుకుని హాలంతా చక్కర్లు కొట్టి, లుంగీ అంచు పట్టుకు లాగి, చేయి నోట్లో పెట్టుకుంటుంటే మనవాళ్ళు "ఇంకా ఓపిక మిగిలింది" అని మళ్ళీ లీషు తీస్తారు. నిద్ర ముంచుకొచ్చిన పసిపిల్లాడు పెళ్ళింట్లో ఎలా గోల చేస్తాడో అదీ అంతే. లైటు ఆర్పి, గదిలో చప్పుడు తగ్గించి, నమలడానికి ఏదైనా ఇచ్చి పక్కన కూర్చోండి.

నడిపించొద్దని కాదు. నెమ్మదిగా నడిపించండి, పొడుగు లీషు కట్టి, అది ఎక్కడ ఆగితే అక్కడ ఆగండి. ఒక కరెంటు స్తంభం దగ్గర నాలుగు నిమిషాలు వాసన చూస్తే చూడనివ్వండి. ముక్కుతో చేసే పని దాన్ని కుదుటపరుస్తుంది. ఎండాకాలం తెల్లారకముందే వెళ్ళిరండి. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఆనించి ఐదారు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలకూ అది పనికిరాదు. కొండాపూర్‌లో కుక్కల కోసమే పార్కు ఉంది, ఫోస్టర్ కుక్కను మాత్రం మొదటి నెలలో అలాంటి చోటికి తీసుకెళ్ళొద్దు. పది కొత్త కుక్కల మధ్య దాన్ని వదిలితే భయపడటమో, భయపెట్టడమో నేర్చుకుంటుంది.

ఇంట్లో అన్నం గిన్నెలో పెట్టడం మానేయండి. పాత నూలు లుంగీ నేల మీద పరిచి, దాని పూట తిండి గింజలు గింజలుగా చల్లి, చాపలా చుట్టి, మధ్యలో వదులుగా ఒక ముడి వేసి ఇవ్వండి. మొదట కాలితో కొడుతుంది. తర్వాత ముక్కు దూరుస్తుంది, ఒక మడత విప్పుతుంది, నాలుగు గింజలు దొరుకుతాయి. బుసబుసమని ఊపిరి, మధ్యలో తుమ్ము. అంతా అయ్యాక ఒకసారి ఒళ్ళు దులుపుకుని, పెద్ద నిట్టూర్పుతో ఆ లుంగీ మీదే పడుకుంటుంది. మైలు దూరం పరుగెత్తించినా నేను ఆ పడక చూడలేదు. ఎండల్లో పళ్ళెంలో పెరుగు పలచగా పోసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి నాకడానికి ఇవ్వొచ్చు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, పరమాన్నంలో వేసే కిస్మిస్, ఇవి మాత్రం దాని నోటికి అందకూడదు, విషమే.

నేర్పినదంతా ఉన్నట్టుండి మరిచిపోయినట్టు చేస్తే మీ పెంపకం చెడిందనుకోకండి. 2020లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన లూసీ ఆషర్, తోటి పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఎనిమిది నెలల వయసులో, అంటే ఈడొచ్చే సమయంలో, కుక్కలు "కూర్చో" అన్న మాటను పెంచేవాళ్ళు చెబితే ఎక్కువగా పెడచెవిన పెట్టాయి. అదే మాట కొత్తవాళ్ళు చెబితే విన్నాయి. మీ మాట వినట్లేదంటే మిమ్మల్ని తన మనిషిగా అనుకుంటోందేమో కూడా చూడండి. ఒకసారి చెప్పి ఆగండి. పదిసార్లు అరిస్తే ఆ మాటకే విలువ పోతుంది. పేపరు చుట్టి కొట్టడం, మెడకు బిగించే గొలుసు, ఈ రెండూ నేను ఏ ఇంట్లోనూ ఒప్పుకోను.

మొదటి రోజునుంచే వదిలి వెళ్ళండి అన్నాను కదా. ఆఫీసుకు వారం సెలవు పెట్టి, రాత్రీ పగలూ దాని పక్కనే ఉండి, ఎనిమిదో రోజు పొద్దున తాళం వేసి వెళ్ళిపోయేవాళ్ళున్నారు. అపార్ట్‌మెంట్ అంతా వినేలా అది ఏడుస్తుంది, తలుపు గీరి గోళ్ళు రక్తం కారేలా చేసుకుంటుంది. అలా కాకుండా మొదటి పూటే చెత్తబుట్ట బయట పెట్టడానికి వెళ్ళి వెంటనే రండి. తర్వాత కింద పాలప్యాకెట్ తెచ్చేంతసేపు. హడావుడి లేకుండా వెళ్ళండి, వచ్చాక ముద్దులాడకండి. ఇంట్లో మిగతావాళ్ళ చేత కూడా తిండి పెట్టించండి. మీ ఒక్కరికే అతుక్కుపోయిన కుక్కకు ఇల్లు మారడం చాలా కష్టం.

ఇల్లు వెతికేటప్పుడు దాని మంచిగుణాలు పొగుడుతూ రాయకండి. చెడ్డగుణాలు ముందు రాయండి. "తొమ్మిది నెలల ఆడకుక్క, ఆపరేషన్ అయింది, టీకాలు పూర్తయ్యాయి. చెప్పులు కొరుకుతుంది. బైకు చప్పుడంటే భయం. రెండేళ్ళ పిల్లలున్న ఇంటికి ఇవ్వం, ఒళ్ళు తెలియని ఊపులో తోసేస్తుంది." ఇలా రాస్తే ఫోన్లు తగ్గుతాయి. తగ్గాలనే. వచ్చిన నాలుగు ఫోన్లూ చదివి చేసినవై ఉంటాయి.

జీహెచ్ఎంసీ 2025 ఆగస్టులో బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో దేశీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. అమల అక్కినేని 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్, విశాఖలో వీఎస్‌పీసీఏ ఏళ్ళ తరబడి ఈ పని చేస్తున్నాయి. ఇలాంటి వేదికల మీద కుక్కపిల్లలు త్వరగా వెళ్ళిపోతాయి, ఏడాది కుక్క మిగిలిపోతుంది. మిగిలిపోతోంది కదా అని మొదట అడిగినవాళ్ళ చేతిలో పెట్టొద్దు.

ఫామ్‌హౌస్ సంగతి. "శంషాబాద్ అవతల తోట ఉంది, హాయిగా తిరుగుతుంది" అనగానే మన మనసు కరిగిపోతుంది. తోటలో ఎవరుంటారు అని అడగండి. వాచ్‌మన్ ఉంటాడు. పగలంతా గొలుసు, రాత్రి కాపలా, ఆదివారం యజమాని వచ్చినప్పుడు ఒక బిస్కెట్. మనుషుల వెంట తిరగాలని తపించే ఈ వయసు కుక్కకు అది ఒంటరి జైలు. దానికంటే రిటైరైన తాతగారు పొద్దంతా ఇంట్లో ఉండే రెండు బెడ్‌రూముల ఫ్లాటు ఎంతో నయం. అసోసియేషన్ ఒప్పుకోదంటారు. జనరల్ బాడీలో తీర్మానం చేసినా సరే పెంపుడు కుక్కల్ని నిషేధించే హక్కు అసోసియేషన్లకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అద్దె ఇల్లయితే మాత్రం ఇంటి ఓనర్‌తో మీరే నేరుగా మాట్లాడండి.

వచ్చినవాళ్ళను నేను తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. సంక్రాంతికి ఊరెళ్తే దీన్ని ఎవరికి అప్పజెప్పి వెళ్తారు? "చూద్దాంలెండి" అన్నవాళ్ళకు ఇవ్వను. "మా తమ్ముడు వచ్చి ఉంటాడు" అన్నవాళ్ళ తమ్ముడితో మాట్లాడి ఇస్తాను. పుట్టినరోజు కానుకగా ఎవరికో ఇద్దామని వచ్చినవాళ్ళను గుమ్మంలోంచే పంపించేస్తాను. 2025 ఆగస్టు 22న ఢిల్లీ వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు, దత్తత తీసుకున్న కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూసుకునే బాధ్యత తీసుకున్నవాళ్ళదేనని చెప్పింది. ఆ మాట తీసుకునేవాళ్ళకు గట్టిగా చెప్పండి, దాంతోపాటు ఒక కాగితం మీద మీరు సంతకం పెట్టి ఇవ్వండి: ఏ రోజైనా, ఏ కారణానికైనా కుదరకపోతే నేనే వెనక్కి తీసుకుంటాను అని. తిప్పి పంపడానికి మనమే దారి చూపిస్తున్నట్టు ఉంటుందంటారు. ఆ దారి లేకపోతే వాళ్ళకు మిగిలేది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కారు ఆపడమే.

అప్పగించే రోజున దుప్పటి ఉతక్కుండా పంపండి. కొత్త ఇంట్లో దానికి తెలిసిన వాసన అదొక్కటే. హార్నెస్‌కు ఒక లీషు, మెడ బెల్టుకు ఇంకొకటి, రెండూ కట్టాలి. బెల్టు మీద కొత్తవాళ్ళ నంబరూ మీ నంబరూ ఉండాలి. కారు దిగి గేటు దాటే ఆ పది అడుగుల్లో విదిలించుకుని పోయిన కుక్కలు చాలా ఉన్నాయి. దీపావళి దగ్గరపడ్డ వారంలో అసలు అప్పగించకండి.

మొదటి వారం రాత్రిపూట ఫోన్ వస్తుంది, తినట్లేదండీ అని. మీరు పరుగెత్తుకెళ్ళకండి. మీ గొంతు వింటే, మీ చెప్పుల వాసన తగిలితే అది మళ్ళీ తలుపు దగ్గరే కూర్చుంటుంది. నీళ్ళు తాగుతోందా, వాంతులూ విరేచనాలూ ఉన్నాయా అడగండి. అవి ఉంటే ఆ పూటే డాక్టరు దగ్గరికి. లేకపోతే, లుంగీ ఎలా చుట్టాలో ఫోన్లోనే చెప్పండి, ముడి వదులుగా వేయమనండి.