ఊరు లేచిపోయింది, నడిబొడ్డు మిగిలింది

థాయ్‌లాండ్‌లో ఊరవతల హోటళ్లు లేవు. నమ్మకం కుదరకపోతే గదులు బుక్ చేసే యాప్ ఏదైనా తెరిచి చూడండి. ఉదోన్ థానీ, ఖోన్ కెన్, ఫిట్సనులోక్, త్రాంగ్... ఏ పట్టణం పేరు కొట్టినా సరే, రాత్రికి అయిదారు వందల బాత్‌లకు, అంటే మన లెక్కలో పదిహేను వందల రూపాయల అటూఇటూగా దొరికే గదులన్నీ "నగరం నడిబొడ్డున" ఉంటాయి. ఎక్కడినుంచి చూసినా "అన్నీ నడిచి వెళ్లే దూరమే". ఒక ఊరికి ఎన్ని నడిబొడ్లుంటాయని అడిగిన నాథుడు లేడు. మనం అడగం కాబట్టి వాళ్లు రాస్తారు, వాళ్లు రాశారు కాబట్టి మనం డబ్బు కడతాం.

2023 నవంబరులో మనవాళ్లకు వీసా అక్కర్లేదన్నారు. మరుసటి ఏడాది విశాఖ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానం వేశారు. దాంతో పట్టాయా పాతబడిపోయింది. అక్కడికి వెళ్లొచ్చానని చెబితే ఇంట్లో భార్య అదోలా చూస్తుంది, ఆఫీసులో నలుగురూ ఇంకోలా నవ్వుతారు. అందుకని కాస్త చదువుకున్నవాళ్లు, కెమెరా కర్ర చేతబట్టినవాళ్లు ఇప్పుడు "అసలైన థాయ్‌లాండ్" వెతుక్కుంటూ లోపలి పట్టణాలకు బయల్దేరారు. అసలైనది ఎక్కడుంటుంది? నడిబొడ్డునే ఉండాలి కదా! చవక హోటలువాడి పంట పండేది సరిగ్గా ఈ నమ్మకం దగ్గరే.

ఊళ్లన్నీ ఏకరువు పెట్టడమెందుకు, ఒక్క కోరాట్‌ను తీసుకుందాం. కాగితాల మీద పేరు నఖోన్ రాచసీమ. బ్యాంకాక్‌కు ఈశాన్యంగా సుమారు 260 కిలోమీటర్లు. విస్తీర్ణంలో థాయ్‌లాండ్‌లోని పెద్ద రాష్ట్రాల్లో ఒకదానికి ముఖ్యపట్టణం. ఇక్కడ ఊరి మధ్య ఏదో తేల్చుకోవడానికి కొలతగాడితో పనిలేదు. 17వ శతాబ్దంలో నారాయ్ రాజు కట్టించిన కోట చుట్టూ తవ్విన కందకం ఇప్పటికీ నీళ్లతో ఉంది. ఒక పక్క 1,700 మీటర్లు, ఇంకో పక్క 1,000 మీటర్లు, కొలబద్ద పెట్టి గీసిన దీర్ఘచతురస్రం. పడమటి వైపు చుంఫోన్ ద్వారం. దాని ముందు నల్లటి కంచు విగ్రహం, చేతిలో కత్తి. ఆమె థావ్ సురనారి. 1826లో వియంతియాన్ నుంచి లావో సైన్యం వచ్చి ఊరిని పట్టుకుంటే, బందీలను కూడగట్టి తిరగబడ్డ ఉప పాలకుడి భార్య అని జనం చెప్పుకొంటారు. 1934లో ఈ విగ్రహం పోతపోసింది కొర్రాదో ఫెరోచీ అనే ఇటలీ శిల్పి. తర్వాత ఆయన శిల్ప భీరశ్రీ అని పేరు మార్చుకుని థాయ్ పౌరుడైపోయాడు. ఊరివాళ్లు మాత్రం ఆమెను బిరుదులతో పిలవరు. యా మో అంటారు, అంటే మో నాయనమ్మ.

కాబట్టి నడిబొడ్డు అంటే ఇదే. హోటలువాడు అక్షరాలా నిజమే రాశాడు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే, ఊరు అక్కడ లేదు.

ఎటు పోయింది? 1900లో బ్యాంకాక్ నుంచి రైలు వచ్చింది. స్టేషను కందకానికి పడమట వెలిసింది, వ్యాపారం అటు ఒరిగింది. 1950లలో అమెరికావాడు డబ్బిచ్చి మిత్రఫాప్ రోడ్డు వేయించాడు. దాన్ని స్నేహ రహదారి అన్నారు. ఆ స్నేహం ఎందుకో వియత్నాం యుద్ధంలో తెలిసొచ్చింది, కోరాట్ వైమానిక స్థావరం నుంచి బాంబులు మోసుకుని యుద్ధవిమానాలు లేచాయి. యుద్ధం ముగిసింది, విమానాలు పోయాయి, రోడ్డు మిగిలింది. ఊరు మెల్లగా ఆ రోడ్డు మీద మనసు పడింది. 2016లో ఆ దారిలో టెర్మినల్ 21 తెరిచారు, 2017లో సెంట్రల్ తెరిచారు. ఇంకేముంది, ఊరు హైవేతో లేచిపోయింది. కందకం లోపల మిగిలినవి బంగారు కొట్లు, హార్డ్‌వేర్ కొట్లు, గుళ్లు, బళ్లు, ప్రభుత్వ కార్యాలయాలు, ఆపైన మన హోటలు.

ఇక్కడ ఒక వింత చూడండి. "అసలైన థాయ్‌లాండ్" కోసం మన వీరుడు నడిబొడ్డున గది తీసుకుని, సాయంత్రం ఏడింటికి తలదువ్వుకుని వీధిలోకి దిగుతాడు. ఎదురుగా దించేసిన ఇనుప షట్టర్లు. ఒక షట్టరు ముందు ప్లాస్టిక్ కుర్చీలో వాచ్‌మన్, ఆయన కాళ్ల దగ్గర కుక్క. అక్కడక్కడా ఒకటో రెండో తిండి బండ్లు. మరి అసలైన థాయ్‌లు ఏరి? వాళ్లు పిల్లాపాపలతో టెర్మినల్ 21లో ఉన్నారు. ఆ మాల్‌లో ఒక్కో అంతస్తుకు ఒక్కో విదేశీ నగరం వేషం కట్టారు. ఏసీ చల్లదనంలో విదేశీ వీధిలో నిలబడి ఫొటో దిగుతున్నారు వాళ్లు. వాళ్లను చూడ్డానికి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చినవాడు వాళ్లు వదిలేసి పోయిన వీధిలో దోమలు తోలుకుంటూ "హాయ్ ఫ్రెండ్స్, టూరిస్టులు అడుగుపెట్టని చోట ఉన్నాను" అని వీడియో తీస్తున్నాడు. టూరిస్టులే ఏమిటి నాయనా, ఆ వేళకు ఊరివాళ్లు కూడా అడుగుపెట్టరక్కడ.

సరే, "నడిచి వెళ్లే దూరం" సంగతికి వద్దాం. ఈ దూరాన్ని యాప్ ఎలా లెక్కిస్తుందో తెలుసా? మ్యాప్ మీద రెండు చుక్కలు పెట్టి మధ్యన గీత గీస్తుంది. గీతకు కందకం అడ్డురాదు, రైలు పట్టాలు అడ్డురావు. విగ్రహానికి ఇటూ అటూ పారే రాచదమ్నోన్ రోడ్డు అసలు కనబడదు. మనిషి మాత్రం వంతెన వెతుక్కోవాలి, రోడ్డు దాటాలి. దాటాక ఉంటుంది ఫుట్‌పాత్. మీటరు వెడల్పు దారిలో సగం కరెంటు స్తంభానిది. స్తంభం నుంచి తల ఎత్తుకి వేలాడే కేబుళ్ల చుట్ట ఇంకో పావు తీసుకుంటుంది. మిగిలిన పావులో ఒక స్కూటరు, దాని వెనకాల పూలకుండీ, ఆ వెనకాల పూజామందిరం. ఖాళీగా కనిపించిన పలక మీద కాలేస్తే కింద దాగిన నిన్నటి వాన నీరు మోకాలి దాకా చిమ్ముతుంది. ఏప్రిల్ అయితే ఆ బాధ లేదు, అప్పుడు ఎండ నలభై దాటుతుంది కాబట్టి నీళ్లుండవు. ఇంతకీ ఆ ఊళ్లో పుట్టిపెరిగినవాళ్లు ఎవరూ అలా నడవరు. సందు చివర కొట్టుకు కూడా స్కూటరు తీస్తారు. నడిచి వెళ్లే దూరం అనేది ఆ ఊళ్లో నడవనివాళ్లు మనకోసం కనిపెట్టిన కొలమానం.

ఒక్కదానికి మాత్రం ఆ మాట నిక్కచ్చిగా నిజం. సెవెన్ ఎలెవెన్! జపాన్ తర్వాత ప్రపంచంలో ఆ కొట్లు ఎక్కువున్నది థాయ్‌లాండ్‌లోనే. అర్ధరాత్రి రెండింటికి కూడా తలుపు దానంతటదే తెరుచుకుని టింగుమంటుంది. కౌంటర్లో పిల్ల శాండ్‌విచ్‌ను వేడిచేసి ఇస్తుంది. అసలైన థాయ్‌లాండ్ వెతుకుతూ వెళ్లిన మనవాళ్లలో ఎంతమంది రాత్రి భోజనం హామ్, చీజు ఉన్న ఆ రొట్టెముక్కతో కానిచ్చారో వీడియోల్లో చూపించరు.

"దగ్గర్లో చూడదగినవి" అని ఒక జాబితా కూడా పెడతారు. మొదటి పేరు ఫిమాయ్ ఆలయం, అరవై కిలోమీటర్లు. రెండోది ఖావో యాయ్ జాతీయ వనం. అందులో కొంత ఇదే రాష్ట్రంలో ఉన్నా బ్యాంకాక్ వైపు వెనక్కి చాలా దూరం పోవాలి. అబిడ్స్‌లో లాడ్జి పెట్టి, పక్కనే యాదగిరిగుట్ట అని బోర్డు కట్టినట్టుంది వరస. ఫిమాయ్‌కి తప్పక వెళ్లండి, అది వేరే సంగతి. ఖ్మేరులు కట్టిన ఆ రాతి గుడి ద్వారాల మీద రామాయణ ఘట్టాలు చెక్కారు. మన కళ్లకు పరిచయమైన కథ పరాయి చేతుల్లో ఎలా మారిందో చూడటం ఒక భాగ్యం. కానీ ఆ బస్సు ఎక్కాలంటే నడిబొడ్డు వదిలి, కందకం దాటి, హైవే మీది రెండో నంబరు బస్టాండుకు పోవాలి. నడిబొడ్డు హోటలు నుంచి అన్నిటికన్నా దగ్గరగా ఉండాల్సింది ఊరు విడిచిపోయే దారి, అదే దూరం.

గది గురించి ఎక్కువ చెప్పను. అన్నిటికన్నా చిన్న గదిని సుపీరియర్ అంటారు, దానికన్నా తక్కువ తరగతి లేదు కాబట్టి దేనికన్నా సుపీరియరో మనం అడక్కూడదు. నేను దిగిన ఒకానొక గదిలో కిటికీకి బరువైన తెర ఉంది, తెర లాగితే గోడ ఉంది. స్నానాలగదిలో షవరు తిప్పితే అన్నిటికన్నా ముందు తడిసేది టాయిలెట్ పేపరు. తలుపు వెనక జరిమానాల పట్టిక వేలాడుతుంది: దురియన్ పండు లోపలికి తెస్తే ఇంత, తువ్వాలుకు జుట్టు రంగు అంటితే ఇంత. తాళంచెవికి డిపాజిట్ కట్టించుకుంటారు. పాస్‌పోర్టును ఫొటో తీసుకుంటారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు, విదేశీయుడు దిగితే 24 గంటల్లోగా ఇమిగ్రేషన్‌కు తెలియజేయడం అక్కడి చట్టం. ఉచిత అల్పాహారం అంటే వేయించిన గుడ్డు, గులాబీ రంగు సాసేజీ, పలచటి బియ్యపు గంజి, వేడినీళ్లలో కలుపుకునే కాఫీ పొట్లం. ఉల్లికారం కోసం వెతికితే చేప సాస్ కనబడుతుంది.

న్యాయంగా చెప్పాల్సిన మాటలూ ఉన్నాయి. దుప్పటి తెల్లగా ఉంటుంది. ఏసీ వణికిస్తుంది. కమోడ్ పక్కన నీళ్ల పైపు ఉంటుంది, ఐరోపాలో చాలా అయిదు నక్షత్రాల హోటళ్లకు కూడా ఇప్పటికీ ఒంటబట్టని నాగరికత అది. రిసెప్షన్‌లో ఉన్న ఆమెకు ఇంగ్లీషు రాకపోయినా ఫోన్లో అనువాదం చేసి మరీ బస్సు నంబరు చెబుతుంది. ఆ ధరకు ఆ గది ఎవరికీ అన్యాయం కాదు. అందుకే నాకు ఒళ్లు మండేది. ఇంత నిజం చేతిలో పెట్టుకుని "అన్నీ నడిచి వెళ్లే దూరమే" అన్న అబద్ధం ఎందుకు? "పాత ఊరు, రాత్రి పూట పిలిస్తే పలికేవాడుండడు, గది శుభ్రం, బస్టాండుకు బండి మేం మాట్లాడిపెడతాం" అని రాస్తే పోయేదేముంది? పోతుంది, రేటింగు పోతుంది. అతిథులు మాత్రం తక్కువ తిన్నారా! "లొకేషన్ సూపర్" అని పదికి తొమ్మిది వేసి వచ్చేస్తారు. తాను మోసపోయానని ఒప్పుకోవడం కన్నా వెనకాల వచ్చేవాణ్ని అదే గదిలో పడేయడం మనిషికి తేలిక.

ఇంత గోల చేశాను గనక ఇంకొకటి కూడా చెప్పాలి. ఏడాదిలో పన్నెండు రోజులు హోటలువాడి మాట పొల్లుపోదు. మార్చి 23 నుంచి ఏప్రిల్ 3 దాకా యా మో జాతర. లేచిపోయిన ఊరు మొత్తం ఆ రోజుల్లో పుట్టింటికి తిరిగొస్తుంది. దండలు, అగరొత్తులు, రంగు గుడ్డలు, తిండి బండ్లు. మొక్కు తీరినవాళ్లు డబ్బు కట్టి నాయనమ్మకు కోరాట్ పాట పాడిస్తారు. పాటగత్తెలు గోచీ పోసి కట్టిన పట్టుబట్టల్లో నిలబడి, చెవికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని గొంతెత్తుతారు, ఒకరు విసిరిన మాటకు ఇంకొకరు ప్రాసలో బదులు చెబుతారు. వాద్యాలుండవు, చప్పట్లే తాళం. జాతర లేని రోజుల్లో కూడా విగ్రహం దగ్గర ఈ మొక్కుబడి పాట వినబడుతుంది. నిజం చెప్పాలంటే నడిబొడ్డులో ఇంకా కొట్టుకుంటున్న గుండె అదొక్కటే. ఏ హోటలూ తన ప్రకటనలో దాని ఊసెత్తదు. దాన్నీ రాసుకోవచ్చునని వాళ్లకు తట్టలేదు, ఎందుకంటే మనం చదివేది మాల్ ఎంత దూరమన్నదే. జాతర రోజుల్లో గదులు దొరకవు. దొరికినా మైకుల మోతకు నిద్ర పట్టదు, అప్పుడు అదే అతిథి "లొకేషన్ బాగుంది గానీ శబ్దం ఎక్కువ" అని రెండు మార్కులు తగ్గిస్తాడు.

కనుక బుక్ చేసేముందు ఆ నడిబొడ్డు అన్న మాటను కళ్లు మూసుకుని దాటేయండి. మ్యాప్‌లో రెండో నంబరు బస్టాండు ఎక్కడుందో, అక్కడికి ఏ నంబరు సోంగ్‌థేవ్ పోతుందో చూసుకోండి. ఎదురెదురు బల్లలున్న ఆ బండిలో గంట నొక్కితే ఆపుతాడు, దిగాక డ్రైవరుకు చిల్లర చెల్లించాలి. పాట వినాలనుకుంటే పాత ఊళ్లోనే దిగండి, వీధివైపు గది మాత్రం అడక్కండి. ఇంటికొచ్చాక రివ్యూ రాస్తారు కదా, అందులో సాయంత్రం ఏడింటికి ఆ వీధిలో ఎన్ని కొట్లు తెరిచి ఉన్నాయో కూడా రాయండి.