పారకి కామ, ఫోనుకి కుంకుమ

అందమైన పేర్ల పోటీ పెడితే టాటాల ఉక్కు నగరం జంషెడ్‌పూర్ మొదటి రౌండ్‌లోనే ఇంటిదారి పడుతుంది. మన ఊళ్లలో పేటలకి దేవుళ్ల పేర్లు, కాలనీలకి నాయకుల పేర్లు ఉంటాయి. అక్కడ మాత్రం టెల్కో, టిన్‌ప్లేట్, కేబుల్ టౌన్, అగ్రికో. అన్నీ కంపెనీలే! అగ్రికో అయితే మరీను. పారలు, పికాసులు చేసే వ్యవసాయ పనిముట్ల కంపెనీ పేరుని కత్తిరించి వీధులకి తగిలించారు. టెల్కో కంపెనీ 2003లో టాటా మోటార్స్‌గా పేరు మార్చుకుంది గానీ, కాలనీ మార్చుకోలేదు. కంపెనీ వద్దనుకున్న పేరుని జనం దాచుకున్నారన్నమాట. పార పేరుని ఇంటి చిరునామాలో పెట్టుకుని మురిసిపోతే తప్పు లేదట, సెల్‌ఫోన్‌ని చూసి మురిసిపోతే మాత్రం మనుషులు యంత్రాలైపోతున్నారట! ఈ తీర్పు మీద అప్పీలుకి వెళ్లాల్సిందే. నా వాదన ఒక్కటే: ఏ యంత్రమైనా కార్ఖానాలో సగమే తయారవుతుంది, మిగతా సగం వాడేవాళ్లు చేసుకుంటారు. అందం ఉండేది ఆ రెండో సగంలో.

పారనే చూడండి. కొట్లో కొనేది చాలాసార్లు ఉత్త ఉక్కు పలక. వెనకాల ఒక కన్నం ఉంటుంది. అందులో దూర్చే కర్ర కామ విడిగా తెచ్చుకోవాలి. పొట్టివాడు పొట్టి కామ, పొడుగువాడు పొడుగు కామ చూసుకుంటాడు. వదులైతే చెక్కముక్క దిగ్గొట్టి బిగిస్తాడు. కొన్నాళ్లకి అరచేతుల రాపిడికి ఆ కర్ర నున్నబడి మెరుస్తుంది. ఆ మెరుపు ఏ ఇంజనీరు గీసిన డ్రాయింగులోనూ ఉండదు. పలక అందరికీ ఒకటే, కామ ఎవరిది వారిదే. యంత్రంలో మనిషి జాడ ఎక్కడుందని అడిగేవారికి ఆ కన్నం చూపిస్తే సరిపోతుంది.

పార సంగతి సరే, ఫోనులో కన్నమెక్కడిదని అడుగుతారు. ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి జంషెడ్‌పూర్‌కి ఉక్కు పనికి వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాల్లో హిందీ, ఇంగ్లిష్ బళ్లలో చదువుకున్న పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. ఉత్తరాల కాలంలో ఇది పెద్ద చిక్కే. అమ్మమ్మ రాసిన కార్డు చదివిపెట్టడానికి ఇంకొకరు కావాలి కాబట్టి, ఆవిడకి మనవణ్ని గుట్టుగా తిట్టుకునే వీలు కూడా ఉండేది కాదు. 2013లో వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపే మైకు వచ్చింది. ఇప్పుడు అమ్మమ్మ ‘ఏటిరా, బువ్వ తిన్నావా?’ అంటుంది. మనవడు ‘హా, ఖా లియా అమ్మమ్మా’ అంటాడు. లిపి అడ్డు తొలగింది, తిట్లు నేరుగా చేరుతున్నాయి. కాలిఫోర్నియాలో కూర్చుని ఆ మైకు పెట్టినవాళ్లు ఉత్తరాంధ్ర అమ్మమ్మల్ని కలలో కూడా తలచుకుని ఉండరు. ఆ కామ అమ్మమ్మే వేసుకుంది.

యంత్రానికి పూజ చెయ్యడం ఉత్త మూఢనమ్మకమని హేతువాదులు కొట్టిపారెయ్యవచ్చు. సెప్టెంబరులో విశ్వకర్మ పూజ, తర్వాత దసరా ఆయుధపూజ. ఈ రెండూ జరుపుకునే తెలుగు కార్మికుడి చేతిలో పడ్డ యంత్రానికి ఏడాదికి రెండుసార్లు కుంకుమ యోగం. లేత్ మెషీనుకి దండ, స్కూటరు చక్రాల కింద నిమ్మకాయలు, కంప్యూటరుకి, ఆఖరికి ఫోనుకి కూడా బొట్టు. కుంకుమ పెడితే మెషీను నడుస్తుందని ఏ ఫిట్టరూ అనుకోడు. అందుకే నూనె కూడా వేస్తాడు. ఏమరుపాటైతే వేలు తీసుకుపోయే దానితో ఏడాదంతా కాపురం చేసేవాడు ఒక్కరోజు మర్యాద ఇచ్చిపుచ్చుకుంటే అది మూఢనమ్మకం ఎలా అవుతుంది? అది లోకజ్ఞానం.

అసలు గట్టి అభ్యంతరం వేరే ఉంది. రాత్రిపూట ఫర్నేసు స్లాగు కుమ్మరిస్తే ఆకాశం ఎర్రబడటం జంషెడ్‌పూర్‌లో పాత వేడుక. మేడమీద టీ తాగుతూ చూసేవాడికి అది అందం. దాదాపు 1500 డిగ్రీల వేడి పక్కన నిలబడ్డవాడికి అది డ్యూటీ. అందం చూసేవాడిది, చెమట చేసేవాడిది అంటే కాదనలేం. కానీ చెమట పట్టేవాణ్ని కూడా లెక్కలోకి తీసుకున్న రోజు ఒకటి అదే ఊళ్లో ఉంది. టాటా ఉక్కు కార్ఖానాలో మొదటి ఉక్కు దిమ్మ తీసిన 1912లోనే, చట్టం అడక్కముందే, ఎనిమిది గంటల పనిదినం పెట్టారు. మనిషి ఎత్తుకి తగ్గట్టు కామ కోసినట్టే మనిషి ఓపికకి తగ్గట్టు షిఫ్టు కోశారు. ఆ కార్ఖానాలో నాకు కనిపించే అందమైన డిజైను అదే. ఆశ్చర్యమేమిటంటే దానికి ఒక్క బోల్టు కూడా ఖర్చు కాలేదు.

కాబట్టి రేపు మాట్లాడే యంత్రమో, మనకి బదులు ఆలోచించే యంత్రమో ఇంటికొస్తే, మంచిదా చెడ్డదా అని పంచాయితీ పెట్టకండి. ముందు దాన్ని తిరగేసి కన్నం ఎక్కడుందో వెతకండి. దొరికితే మీ ఎత్తుకి కామ కోయించుకోండి, కావాలంటే బొట్టు కూడా పెట్టండి. ఎంత వెతికినా దొరక్కపోతే మాత్రం మర్యాదగా వెనక్కి పంపెయ్యండి. లేకపోతే అది మిమ్మల్నే కామగా బిగించుకుంటుంది.