తుపాకి చవకైంది, గురి కాదు

మా రోజుల్లో పెన్సిల్వేనియాలో జింకల వేటకు రైఫిలు కొనాలంటే నెలనెలా జీతంలోంచి కాస్త పక్కన పెట్టుకునేవాళ్లం. నూనె పట్టించిన వాల్‌నట్ కర్ర, నీలి మెరుపున్న ఉక్కు, లాగితే మెత్తగా జారే బోల్టు. కొన్నది కొడుక్కి ఇచ్చి పోయేవాళ్లు. ఇప్పుడు మా తమ్ముడి కొడుకు స్కోపు బిగించి ఉన్న రైఫిలు ఒకటి సాయంత్రం షికారుకెళ్లినట్టు వెళ్లి కొనుక్కొచ్చాడు. "ఎలా ఉంది పెదనాన్నా?" అంటూ నా చేతిలో పెట్టాడు. ఏ కంపెనీదన్నది ఎందుకులెండి, చవక రైఫిళ్లన్నీ ఆ తానులో ముక్కలే.

చెయ్యి తగిలే ప్రతిచోటా పొదుపు చేశారు. కర్ర ఉండాల్సిన చోట బోలు ప్లాస్టిక్కు. ముందు భాగాన్ని గట్టిగా పట్టుకుంటే వంగి గొట్టానికి తగులుతుంది. మ్యాగజైనూ ప్లాస్టిక్కే. బోల్టు లాగితే గరగరమంటుంది. ఇంత తిట్టాక కూడా ఒళ్లు మండే సంగతి ఏమిటంటే, గొట్టం మాత్రం భేషుగ్గా ఉంది! వంద గజాల దూరంలో తూటాలు అంగుళం, అంగుళంన్నర మేరలోనే పడుతున్నాయి.

అదేమీ మాయ కాదు. గొట్టం లోపలి మెలికల గాడులు ఇప్పుడు చాలా రైఫిళ్లలో యంత్రపు సుత్తి దెబ్బలతోనే ఏర్పడిపోతున్నాయి. గొట్టాన్ని నట్టుతో బిగించే పద్ధతి 1958 నాటి శావేజ్ 110 రైఫిలుతోనే వచ్చింది. దానివల్ల తూటా కూర్చునే గదిని సరిచూసుకుంటూ పనివాడు గంటలకొద్దీ రాకాల్సిన పని తప్పింది. 2012లో 449 డాలర్లకు రూగర్ అమెరికన్ రైఫిలు దిగాక మరికొందరూ ఆ దారే పట్టారు. బిగువు మార్చుకునే ట్రిగ్గరు ఒకప్పుడు ఖరీదైన సోకు. చవక రైఫిళ్లలోనూ ఇప్పుడది దొరుకుతోంది.

ఖర్చు తగ్గించే జబ్బు మాత్రం పాతదే. 1936లో వచ్చిన వించెస్టర్ మోడల్ 70ని 1964లో ఇలాగే చవక చేశారు. తూటాను మొదటినుంచీ పట్టుకుని లోపలికి తీసుకెళ్లే పెద్ద కొక్కెం తీసేశారు. కర్ర మీద చెక్కాల్సిన గళ్లను అచ్చుతో నొక్కేశారు. నేనీ దేశం వచ్చేనాటికి కాల్పుల మైదానంలో ముసలాళ్లు దాన్ని తిడుతూనే ఉన్నారు. 1964కి ముందుదంటే ఈనాటికీ ఎగబడి కొంటారు. ఆ ముసలాళ్ల వరసలో ఇవాళ నేను నిలబడ్డాను. నా సణుగుడు మాత్రం తూటాల మీద.

రైఫిలు ధర దిగింది, తూటా ధర ఎక్కింది. మావాడు 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ తూటా ఎంచుకున్నాడు. తన్ను తక్కువ, ఆ మేరకు తెలివైన పనే. ఆరు పౌన్ల పైచిలుకు రైఫిల్లో 1906 నాటి 30-06 తూటా పేలిస్తే భుజం వాచేది. అయితే ఇరవై తూటాల వేట డబ్బా ముప్పై, నలభై డాలర్లు పలుకుతోంది. సీసం లేని రాగి తూటాలైతే ఇంకా ఎక్కువ. అందుకని ఏం చేశాడు? రాగి తొడుగు పూర్తిగా కప్పిన చవక తూటాలతో స్కోపు సరిచూసుకుని, వేటకు వేరే కంపెనీ తూటాలు జేబులో వేసుకున్నాడు. బరువు మారితే, మందు మారితే తూటా పడే చోటూ మారుతుందని చెప్పేవాడే లేడు. పోనీ ఆ చవకవే వేటకు పట్టుకెళ్దామా అంటే, అవి ఒంట్లో విచ్చుకోకుండా దూసుకుపోతాయి. గాయపడ్డ జింక ఎక్కడికో పోయి చస్తుంది.

సాధన సంగతికొస్తే, చిత్తూరు జిల్లాలో మా మేనమామకు ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిలు ఉండేది. లైసెన్సులో రాసిన లెక్కకు మించి తూటాలు కొనే వీల్లేదు. అందుకే ఆయన రోజూ ఖాళీ తుపాకి ఎత్తి, వాకిట్లో చింతచెట్టు బెరడు మీద మచ్చకు గురిపెట్టి ట్రిగ్గరు నొక్కేవాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆయన వేట బందయ్యింది. ఆ లోపల ఆయన తూటా వృథా చేయడం ఊళ్లో ఎవరూ చూడలేదు. తూటాలు దొరకని చోట ఆయన సాధన చేశాడు. దుకాణం నిండా తూటాలున్న చోట మావాడు చెయ్యడు.

కాబట్టి నా తీర్పు విను నాయనా. రైఫిలు ఉంచుకో, అది నీకంటే బాగా కాలుస్తుంది. మా కాలపు ధరకీ దీని ధరకీ ఉన్న తేడాతో వేటకు వాడే తూటాలే, ఒకే రకానివి, డబ్బాలకు డబ్బాలు కొను. బల్ల మీద ఇసుక సంచి వదిలి మోకాళ్ల మీద కూర్చుని కాల్చు, చెట్టుకు ఆని కాల్చు, రొప్పుతూ కాల్చు. అడవిలో జింక నీకోసం బల్ల వేసి ఉంచదు. అంత తీరిక లేదంటావా, సూపర్‌మార్కెట్లో కోళ్లున్నాయి. వాటికి గురి అక్కర్లేదు.