గరిటె పోయి కత్తెర వచ్చె

పారిస్ వెళ్లారా? ఐఫిల్ టవర్ చూశారా? ఆకలేసిందా? అయితే దొరికిపోయారు.

టవర్ దిగి నాలుగడుగులు వేస్తే చాలు, ఆరు భాషల్లో మెనూ. పక్కన రంగు వెలిసిన ఫొటోలు. గుమ్మంలో నిలబడి "నమస్తే ఇండియా" అంటూ చెయ్యి పట్టుకు లాగినంత పని చేసే మనిషి. లోపల గళ్లగుడ్డ పరిచిన బల్లలు, గోడకు నల్లపలక, దాని మీద సుద్దతో రాసిన ఉల్లిపాయ సూపు. అచ్చం సినిమాల్లో చూసిన బిస్ట్రో! అంటే మొగుడు వండితే పెళ్లాం వడ్డించే, పేటవాళ్లు రోజూ వచ్చి తినిపోయే చిన్న హోటల్ అన్నమాట. పలక నిజమే. సుద్దా నిజమే. సూపు సంగతి మాత్రం అడక్కండి.

ఉల్లిపాయ సూపంటే మాటలా? ఉల్లిపాయలు సన్నగా తరగాలి. వెన్నలో వేసి, సన్నసెగ మీద, గోధుమరంగు తిరిగేదాకా గంటసేపు కలుపుతూ నిలబడాలి. ఎముకల రసం పోయాలి. పైన రొట్టెముక్క, ఆపైన చీజ్, మళ్లీ సెగ. ఇంత చాకిరీ ఎవడు చేస్తాడు? ఫ్యాక్టరీలో వండి సంచిలో పెట్టిన సరుకు టోకున దొరుకుతోంది కదా! వేడినీళ్లలో పడేయ్. కత్తెరతో మూతి కత్తిరించు. పైన ఓ ఆకు పెట్టు. బాతుకాలు, వైన్‌లో ఉడికిన గొడ్డుమాంసం, కోస్తే చాక్లెట్ కారే కేకు... అన్నిటికీ ఇదే పాకశాస్త్రం. ఫ్రెంచివాళ్ల భోజన సంప్రదాయాన్ని యునెస్కో 2010లో మానవాళి వారసత్వ జాబితాలోకి ఎక్కించింది. సంచులతో కలిపేనా?

సర్కారు చూస్తూ ఊరుకుందా? అబ్బే. 2014లో చట్టం తెచ్చింది. ఇక్కడే వండిన వంటకం పక్కన ఓ బొమ్మ వేయాలట. గిన్నె, దాని మీద మూతకు బదులు ఇంటికప్పు. ముచ్చటగానే ఉంది. కానీ సరుకు పచ్చిదైతే చాలు, ఫ్రీజర్‌లో రాయిలా గడ్డకట్టి వచ్చినా అది ఇంటివంటే! ఇక సంచి కత్తిరించినవాడు ఏ బొమ్మ వేయాలి? ఏమీ అక్కర్లేదు. దొర మెళ్లో గుర్తింపు కార్డు వేసుకు తిరగాలి. దొంగ దర్జాగా తిరగొచ్చు.

ధరల కథ ఇంతకంటే రసవత్తరం. పన్నుపోటు భరించలేకపోతున్నాం, తగ్గిస్తే రేట్లు తగ్గిస్తాం, కొలువులిస్తాం అని హోటల్ యజమానుల సంఘాలు ఏళ్ల తరబడి మొత్తుకున్నాయి. 2002 ఎన్నికల్లో అధ్యక్షుడు షిరాక్ మాటిచ్చాడు. తర్వాతి అధ్యక్షుడు సర్కోజీ హయాంలో, 2009 జూలై 1న, హోటల్ బిల్లు మీది పన్ను 19.6 శాతం నుంచి ఏకంగా 5.5కి దిగింది. తగ్గిందంతా తినేవాడికే దక్కితే బిల్లు 11.8 శాతం దిగాలి. ఎంత దిగింది? రెండు శాతం దరిదాపుల్లో! పది యూరోల ప్లేటు మీద ఇరవై సెంట్లు. ఖజానాకేమో ఏటా 200 కోట్ల యూరోలకు పైగా చిల్లు. ఆ సొమ్ము ఎటు పోయిందో ఆర్థికవేత్తలు తర్వాత తీరిగ్గా లెక్క తీశారు. అందరికంటే ఎక్కువ మిగిలింది యజమానులకు, అందరికంటే తక్కువ దక్కింది తినేవాళ్లకు. ఈ ముక్క చెప్పడానికి ఆర్థికవేత్త కావాలా? 2017 నవంబరులో మన ఏసీ హోటళ్ల జీఎస్టీ 18 నుంచి 5కి దిగిన మర్నాడే ప్లేటు ధర ఎలా ఎగిరిందో చూసిన హైదరాబాదీని అడిగితే చెప్పేవాడు. ఫ్రాన్సులో ఆ పన్ను 2012లో 7, 2014లో 10 శాతమైంది. అయినా పాత రేటులో సగమే. మిగతా సగం ఎవరి బొజ్జలో ఉంది?

"అద్దెలు మండిపోతున్నాయండీ, గిట్టదండీ." ఓహో. మరి చార్టియే అనే హోటల్ వారికి ఎలా గిడుతోంది? 1896 నుంచి అదే పారిస్ నడిబొడ్డున భోజనం పెడుతున్నారు. పేట బిస్ట్రో కాదు లెండి, పెద్ద హాలు. గుమ్మం బయట క్యూ. ఉడికిన గుడ్డు, మీద మయోనీజ్, రెండు మూడు యూరోలు. బల్ల మీది కాగితం మీదే బిల్లు గీకి కూడేస్తారు. బతికే ఉన్నారు, దివాలా తీయలేదు.

సరే, చుక్కలు చూసుకుని వెళ్తామంటారా? భేష్. 2017లో లండన్‌లో ఊబా బట్లర్ అనే విలేకరి తన పెరటి షెడ్డును రెస్టారెంటని ట్రిప్‌అడ్వైజర్‌లో ఎక్కించాడు. వంట లేదు, వడ్డన లేదు. ఫొటోల్లో నోరూరించినవి గడ్డం గీసుకునే నురగ, బ్లీచింగ్ బిళ్లలు. స్నేహితుల చేత పొగడ్తలు రాయించాడు. కొన్ని నెలల్లో అది లండన్ మొత్తానికీ నంబర్ వన్! తిండే లేని చోటికి జనం టేబుల్ కోసం ఫోన్ల మీద ఫోన్లు.

మన యూట్యూబ్ వీరుడు ఇంకో ఆకు ఎక్కువే చదివాడు. "గైస్, ఇది ఎవ్వరికీ తెలియని ప్లేస్!" ఎవ్వరికీ తెలియకపోతే నీకెలా తెలిసింది నాయనా? ఆ బిల్లు ఎవరు కట్టారు? అది మాత్రం వీడియోలో ఉండదు. ఇక ప్యాకేజీ టూరు వాళ్లది మరీ చోద్యం. లక్షలు గుంజి, పారిస్ దాకా మోసుకెళ్లి, పనీర్ బటర్ మసాలా తినిపిస్తారు.

2025లో లె పారిజియాన్ పత్రిక ఒక మనిషిని అమెరికా టూరిస్టులా, ఇంకొకరిని మామూలు పారిస్ పౌరుడిలా ఒకే హోటల్‌కు పంపింది. ఒకే వంటకం అడిగారు. పారిస్ మనిషికి జగ్గు నీళ్లు ఉచితం. టూరిస్టుకు సీసా నీళ్లు, బిల్లులో యూరోలు. భోజనంతో పాటు కుళాయి నీళ్లు ఊరికే ఇవ్వాలని అక్కడి నిబంధన. ఎవరికి? ముఖం చూసి చెబుతారు.

ఇదంతా మింగి, బిల్లు కట్టడానికి కార్డు తీస్తారు. మెషిన్ మీద మూడు అంకెలు మెరుస్తాయి. పది, పదిహేను, ఇరవై శాతం. టిప్పు! ఫ్రాన్సులో మెనూ మీద ఉన్న ధరలోనే సర్వీసు కలిపి ఉండాలన్నది చట్టం. ఆ మాటే అడగండి. వెయిటర్ ఎంత వినయంగా భుజాలెగరేస్తాడో! "అడిగేది నేను కాదు సార్, మెషిన్."