రెండే రెండు మాటలకు టీకా తాత్పర్యము

మూలము: "సభకు నమస్కారం. వేదికనలంకరించిన పెద్దలకు పేరుపేరునా వందనాలు. సమయాభావం వల్ల రెండే రెండు మాటలు చెప్పి ముగిస్తాను."

అవతారిక: ఇది పుస్తకావిష్కరణ సభ. ఆహ్వానపత్రికలో ఆరు గంటలు. దీపము వెలిగినది ఏడుంబావుకు. ఎనిమిదిమంది వక్తలలో ఆరవవాడు మైకు నోటికి ఆనించుకొని శ్రోతలకు అభయమిచ్చుచున్నాడు.

టీక: సభకు = ఇంకను లేచిపోనివారికి; నమస్కారం = ముందుజాగ్రత్తగా చేయు క్షమాపణ; వేదికను = ఆరు కుర్చీలు పట్టు చోట పది వేసిన స్థలమును; అలంకరించిన = శాలువా కప్పువరకు కదలని; పెద్దలకు = తన తరువాత మాట్లాడవలసినవారికి; పేరుపేరునా = చీటీ చూచి, బిరుదులతో సహా (ఇచట ఒక పేరు జారిపోవును; దానిని నడుమ తలచుకొని మరల మొదలిడుట సంప్రదాయము); సమయాభావం వల్ల = ముందటి వక్త మ్రింగివేసిన కాలము వలన; చెప్పి = చెప్పుచు, చెప్పుచు; ముగిస్తాను = ముగించు కోరిక నాకును కలదు.

"రెండు ముక్కలు" అని పాఠాంతరము. "టూ మినిట్స్" అని డాలస్ ప్రతి. అర్థమున భేదము లేదు.

వ్యాకరణము: "ముగిస్తాను" అనునది భవిష్యదర్థకమా, అలవాటును తెలుపు తద్ధర్మార్థకమా అని సందేహము. ప్రతి ఐదు నిమిషములకు ఒకమారు వినవచ్చుచున్నది గనుక తద్ధర్మమే.

విచారము: "రెండే రెండు" సంఖ్యావాచకమే యని పూర్వపక్షము. అది పొసగదు. "సభకు నమస్కారం" అనుటతోనే రెండు మాటలును వ్యయమైనవి. ముఖ్యార్థమునకు బాధ కలిగినది గనుక లక్షణను ఆశ్రయింపవలెను. అదియు ముఖ్యార్థమును పూర్తిగా విడిచిపెట్టు జహల్లక్షణ.

వాచ్యార్థముననే నిలిచినవారు లేరా యన్నచో, కలరు. 1863 నవంబరు 19న గెటిస్‌బర్గులో సైనికుల శ్మశానవాటికను అంకితము చేసిన సభకు ప్రధానవక్త ఎడ్వర్డ్ ఎవరెట్. ఆయన రెండు గంటలు మాట్లాడెను. సందర్భోచితముగా నాలుగు మాటలు చెప్పుటకే పిలువబడిన లింకన్, రెండు నిమిషములలో కూర్చుండెను. తన రెండు గంటలు ఆ రెండు నిమిషముల దరికి చేరినను సంతోషమేనన్న భావముతో ఎవరెట్ మరునాడు జాబు వ్రాసెను. లింకన్‌ది ఆశువు కాదు. వాషింగ్టనులోనే వ్రాయ మొదలిడినది. ఆయన చేతివ్రాత ప్రతులు ఐదు నేటికిని ఉన్నవి. మన వక్త చేతిలోనిది ఆహ్వానపత్రిక వెనుక వైపు.

1957 జనవరిలో భద్రతామండలిలో కాశ్మీరుపై కృష్ణమీనన్ దాదాపు ఎనిమిది గంటలు మాట్లాడలేదా యని ఆక్షేపణ. మాట్లాడెను. ఆయనది దేశము పక్షమున వాదము; మనది అరవై పుటల కవితాసంపుటి.

తాత్పర్యనిర్ణయము: ఒక గ్రంథమున కేది తాత్పర్యమో తేల్చుటకు మీమాంసకులు ఆరు గుర్తులు చెప్పిరి. వీనిని వక్త ముందే చూచుకొనిన శ్రోతకు పని తగ్గును. మొదటిది ఉపక్రమోపసంహారముల, అనగా మొదలు తుదల, ఏకత్వము. ఇచట ఉపక్రమము అధ్యక్షుని స్తుతి, ఉపసంహారము అధ్యక్షుని చీటీ; ఆ మేరకు ఏకత్వము సిద్ధించినది. అభ్యాసము, అనగా చెప్పినదే చెప్పుట, పుష్కలము. అపూర్వత, అనగా క్రొత్తదనము, లేదు; పుస్తకము నిన్ననే అందినదట, తిరగవేయుటకు వీలు చిక్కలేదట. అర్థవాదము, అనగా ప్రశంస: తక్కినదంతయు నదియే. ఉపపత్తి, అనగా యుక్తి: ఒక్క పద్యమైనను చదివి ఇది ఇందుకు బాగున్నదని చెప్పియుండిన లభించెడిది.

మిగిలినది ఫలము. నా మతమున తయారీ ఇచటనే మొదలు కావలెను. విన్నవాడు బయటికి పోవుచు ఆ పుస్తకము కొనవలెనా, కవిని మెచ్చవలెనా, ఒక పంక్తినైనను నోట ఆడించుకొనవలెనా? అది నిశ్చయమైన తరువాత మొదటి వాక్యము, కడపటి వాక్యము కంఠస్థము చేసి, నడుమ నాలుగు గుర్తులు కాగితముపై పెట్టుకొనిన చాలును. మన వక్త కడపటి వాక్యము లేకయే బయలుదేరినాడు. బ్రేకులు లేని బండివలె ఎత్తు వచ్చిన తప్ప ఆగడు.

ఇక వ్యాఖ్యాతల సంగతి. మెదక్ జిల్లా కొల్చారము మల్లినాథసూరి స్వస్థలము. ఆధారము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు ప్రతిజ్ఞ చేసి ఆయన కాళిదాసునకు వ్యాఖ్య వ్రాసెను. ఆ రెండవ ప్రతిజ్ఞ మన వక్తకు వర్తింపజేసిన, వ్యాఖ్యానించుటకు మాకేమియు మిగులదు.

"చివరగా ఒక్క మాట..."

ఇటుపై గ్రంథపాతము. మైకు పాడైనదని కొందరు. అధ్యక్షులవారే తీయించిరని మరికొందరు.