గురులఘువులు పిల్లల చెవిన పడకుండా నేర్పడం ఎలా?

పాఠం మొదలుపెట్టే ముందు తరగతి గది నిశ్శబ్దంగా ఉండేలా చూసుకోండి మాస్టారూ. గురులఘువుల పాఠానికి నోటిని మించిన శత్రువు లేదు. పిల్లవాడు ఒక్కసారి ‘అమ్మ’ అని పైకి అన్నాడా, వ్యవహారం చెయ్యి దాటినట్టే. ‘అమ్‌’ దగ్గర పెదవులు మూతపడటం, అక్కడ రవ్వంత ఆగి ‘మ’ మీదికి దిగటం వాడికి తెలిసిపోతుంది. తెలిశాక ‘అ’ ఎందుకు గురువైందని మిమ్మల్ని అడగడు. అడగకపోతే మీరు సూత్రం చెప్పేదెప్పుడు?

కాబట్టి బోర్డు మీద రాసి చూపించండి. ఈ విషయంలో మన లిపి మీ పక్షమే. నోట్లో ‘అ’కు అంటుకునే మకారాన్ని అది తీసుకెళ్లి తర్వాతి అక్షరంలో కలిపేస్తుంది. రాతలో చూస్తే ‘అ’ ఒంటరిది, బరువంతా ‘మ్మ’ దగ్గరే కనబడుతుంది. “వత్తు ఎక్కడుంటే అక్కడ గురువు” అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోండి. గురువయ్యేది వత్తు ముందున్న అక్షరమన్న మాట మాత్రం పొరపాటున కూడా నోరు జారకండి.

ఫలితాలు వెంటనే కనిపిస్తాయి. ‘పుస్తకం’లో పు గురువు, స్త లఘువు, కం గురువు, అంటే రగణం. మీ శిష్యుడు దాన్ని యగణం చేస్తాడు. ‘ఉత్పల’ మూడక్షరాలూ భగణం. ఉత్పలమాల పాదం మొదలయ్యేది కూడా భగణంతోనే కనుక, పేరు పలికితే చాలు, మొదటి గణం చేతికొచ్చినట్టే. ఇంత సులువైన సంగతి పిల్లలకు చెప్పడం న్యాయం కాదు. మీ పద్ధతిలో అది జగణమవుతుంది. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం నాలుగింటిలో ఏదీ జగణంతో మొదలవదు. పిల్లవాడు ఐదో వృత్తం కనిపెట్టానని మురిసిపోతాడు. మురవనివ్వండి.

అక్షరం ఎంత లావుగా ఉంటే అంత గురువన్న నియమం కూడా బాగా పనిచేస్తుంది. ‘జ్యోత్స్న’ రాయించండి. ‘త్స్న’లో మూడు హల్లులు ఒకదానికొకటి వేలాడుతుంటాయి. అయినా లఘువే. ఆ మాట ఎవరు నమ్ముతారు? మీరూ నమ్మకండి. ఇక ‘అమృతం’లో ‘మ’ కింద వేలాడే వట్రసుడిని వత్తుల్లో కలిపేయండి. అది ఋకారమనీ, హల్లు కాదనీ, అందుకే ముందున్న ‘అ’ లఘువుగానే మిగిలిందనీ వివరించబోతే గంట కొట్టేస్తారు. ‘ప్రజ’ వచ్చినప్పుడు “రవత్తు ముందు అక్షరమే లేదు కదండీ, గురువు గుర్తు ఎక్కడ పెట్టాలి?” అని ఓ తెలివైన పిల్ల అడుగుతుంది. మార్జిన్‌లో పెట్టమనండి.

హాజరు పిలిచేటప్పుడు మరీ జాగ్రత్త. కవిత నగణం, భారతి భగణం, సునీత జగణం, వెంకటేశ్ రగణం. పొద్దున్నే గణాలన్నీ వరసగా లేచి “ప్రెజెంట్ సార్” అంటుంటాయి. ఎవరి పేరుకు వాళ్లు చప్పట్లు కొట్టుకుని, ఎక్కడ ఒక దెబ్బో ఎక్కడ రెండో చూసుకుంటే ఆ తర్వాత మరచిపోవడం కష్టం. హాజరు నంబర్లతో పిలవండి.

‘యమాతారాజభానసలగం’ యాభైసార్లు ఇంపోజిషన్ రాయించండి. ఏ గణం కావాలంటే ఆ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకుంటే చాలన్న కీలకం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. య-మా-తా అంటే లఘువు, గురువు, గురువు, అదే యగణం. ఇది బయటపడితే మిగతా నలభైతొమ్మిదీ దండగ.

పక్క గదిలో ఇంగ్లీషు టీచరుతో మరో చిక్కు. ఆవిడ బోర్డు మీద ‘గో’, ‘గాట్’ రాసి, మొదటిదాంట్లో నోరు తెరుచుకునే ఉందనీ, రెండోదాన్ని టకారం మూసేసిందనీ, అందుకే అచ్చు కురచైపోయిందనీ చెబుతుంటారు. మన దగ్గర అలా మూసుకుంటే అక్షరం బరువెక్కుతుంది. ‘బస్’ అంటే ఒక్క గురువు. అక్కడా ఇక్కడా పిల్లలు వినవలసింది అక్షరం చివర నోరు తెరిచి ఉందా, మూసుకుందా అన్నదే. మీరిద్దరూ ఓ కప్పు టీ తాగుతూ మాట్లాడుకున్నారంటే ఒకే దెబ్బకు రెండు భాషలూ వచ్చేస్తాయి. టీ వేళలు కలవకుండా టైంటేబుల్ వేయించండి.

పద్యం రాగం తీసి చదవడం ఎలాగూ మానేశారు, సంతోషం. అలా చదివితే గణం తప్పినచోట గొంతు తడబడి దొంగను పట్టిస్తుంది.

ఇక పరీక్ష. పద్యపాదం ఇచ్చి ఏ వృత్తమో చెప్పమంటే చెవితో పనేమీ లేదు. అక్షరాలు లెక్కపెట్టమనండి. 19 వస్తే శార్దూలం, 21 వస్తే చంపకమాల. 20 వస్తే ఉత్పలమాలో మత్తేభమో తేలాలి. మొదటి అక్షరం గురువైతే ఉత్పలమాల, లఘువైతే మత్తేభం. నిజానికి ఇంతకంటే చక్కని కిటుకు నా దగ్గర లేదు. ఇబ్బందల్లా ఒక్కటే. ఆ మొదటి అక్షరం కురచదై, దాని పక్కనే వత్తున్న అక్షరం వచ్చిందనుకోండి, ముందు బెంచీవాడి పేపరు చూడమనండి. వాడూ మీ శిష్యుడే అయితే, మత్తేభమని రాసి ఉంటాడు.